శ్రీకాకుళం నుంచి ఎయిర్ అంబులెన్స్: ఏటీసీ ప్రయారిటీ ఎలా వస్తుంది, మీరేం చేయాలి

"అన్నా, ఏటీసీవోల్లకి ఎవురితో సెప్పించాలి?"

టెక్కలి కుర్రాడొకడు ఐసీయూ తలుపు దగ్గర నిలబడి నన్ను అడిగాడు. ఏటీసీ అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, విమానాలకి దారీ రన్‌వే వరసా చెప్పేవాళ్లు. లోపల వాళ్ల నాన్న వెంటిలేటర్ మీద ఉన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లాలి. విమానం మాట్లాడుకున్నారు, డబ్బు ఎలాగో సర్దారు. ఇక మిగిలిన భయం ఒకటే: రన్‌వే ఖాళీ లేదని విమానాన్ని గాల్లోనే చక్కర్లు కొట్టిస్తారేమోనని. ఎమ్మెల్యే గారి పీఏ నంబర్ ఫోన్‌లో తీసి పెట్టుకుని మరీ అడిగాడు.

శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో పేషెంట్లను వేరే ఊళ్లకు పంపే పనులు చూస్తుంటాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతిసారీ వస్తుంది. ఎవరితోనూ చెప్పించక్కర్లేదు. ఏటీసీ ప్రయారిటీకి సిఫార్సు అక్కర్లేదు, ఫీజు కూడా లేదు. ఫ్లైట్ ప్లాన్‌లో ఒక గడిలో సరైన మాట పడితే చాలు, అదే వస్తుంది. అయితే దానివల్ల మిగిలేది పది, పదిహేను నిమిషాలు. మన దగ్గర గంటలు పోయేది నేల మీద. అందుకే ఆకాశం సంగతి కొంచెం వెనక్కి పెట్టి, పని జరిగే వరసలోనే చెప్తాను.

ముందు, విమానం కావాలా అని అడగండి

గుండెపోటు వచ్చిందనో, పక్షవాతం వచ్చిందనో వెంటనే ఎయిర్ అంబులెన్స్ కోసం ఫోన్లు చేయకండి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. విమానం ఎక్కడో హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో రావాలి. అది వచ్చేలోపే ఆ టైమ్ అయిపోతుంది. అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి దగ్గర్లో స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి, అక్కడ వీలు కాకపోతే రోడ్డు మీద విశాఖకి వెళ్లడమే పద్ధతి. పలాస వైపు వాళ్లయితే ఈ నిర్ణయానికి పది నిమిషాలు కూడా తీసుకోకూడదు.

విమానం పనికొచ్చేది ఆ తర్వాతి దశలో. పేషెంట్ కొంత నిలకడగా ఉండి, ఇక్కడా విశాఖలోనూ లేని వైద్యం కావాల్సి వచ్చి, రోడ్డు మీద పన్నెండు, పదమూడు గంటలు తట్టుకోలేరని డాక్టర్ చెప్పినప్పుడు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కి రోడ్డు దూరం 700 కిలోమీటర్లు దాటుతుంది. ఇంకో దారి కూడా ఉంది. కొన్ని ఎయిర్‌లైన్స్ మామూలు విమానంలోనే సీట్లు తీసేసి స్ట్రెచర్ వేస్తాయి. దానికి డాక్టర్ నింపిన మెడికల్ ఫారం కావాలి, రెండు మూడు రోజుల ముందు చెప్పాలి, డాక్టరో నర్సో వెంట ఉండాలి. తొందర లేని పేషెంట్‌కి ఖర్చు చాలా తగ్గుతుంది. ఈ సంగతి బ్రోకర్లు ఎందుకు చెప్తారు?

డాక్టర్ దగ్గర నుంచి కాగితం

కేస్ సమ్మరీ, విమానంలో ప్రయాణించవచ్చని సర్టిఫికెట్, ఈ రెండూ సంతకం, స్టాంపు, తేదీ, టైమ్‌తో తీసుకోండి. సమ్మరీలో ఈ పూట పరిస్థితి ఉండాలి. నిన్నటి కాగితం పెడితే అవతలి డాక్టర్ మళ్లీ ఫోన్ చేస్తాడు, గంట పోతుంది. ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లు, వెంటిలేటర్ సెట్టింగులేంటి, బీపీ మందులు ఏ వేగంతో నడుస్తున్నాయి, ఎన్ని గొట్టాలున్నాయి, బరువెంత, ఇవన్నీ రాయించండి. బరువెందుకు అంటారేమో. చిన్న విమానం, తలుపు ఇరుకు, స్ట్రెచర్‌కి లెక్క ఉంటుంది.

ఒక ప్రశ్న మాత్రం మీరే అడగండి: "ఛాతీలో గానీ తలలో గానీ పేగుల్లో గానీ గాలి చిక్కుకుని ఉందా సార్?" విమానం పైకెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. అక్కడ ఒంట్లో చిక్కుకున్న గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన పేషెంట్‌కి ముందే ఛాతీలో గొట్టం వేయాలి. లేదంటే క్యాబిన్ ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉంచి, విమానాన్ని తక్కువ ఎత్తులో నడపాలి. అలా నడిపితే ఇంధనం ఎక్కువ కాలుతుంది, ఆ ఎత్తు కావాలని ఏటీసీని ముందే అడగాలి. మీ డాక్టర్ కాగితంలో రాసే ఒక్క లైను పైలట్ ప్లాన్‌ని మార్చేస్తుంది.

ఇదే సమయంలో అవతలి ఆస్పత్రిలో బెడ్ ఖాయం చేయించండి. నోటి మాట సరిపోదు. ఏ డాక్టర్ పేరు మీద, ఏ ఐసీయూలో, ఎన్ని గంటల నుంచి అని మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాసి పంపమనండి. ఒకసారి మా పేషెంట్ ఎయిర్‌పోర్టుకి చేరాడు, విమానం దిగింది, పైలట్లు సిద్ధంగా ఉన్నారు. అవతలి ఆస్పత్రిలో డ్యూటీ మారింది. కొత్తగా వచ్చినాయనకి ఈ పేషెంట్ సంగతే తెలియదు. "బెడ్ చూసి చెప్తాం" అన్నారు. రెండు గంటల నలభై నిమిషాలు అంబులెన్స్‌లోనే కూర్చున్నాం. పైలట్లకి రోజుకి ఇన్ని గంటలే డ్యూటీ అని డీజీసీఏ, అంటే విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ రూలు. ఇంకాసేపు ఆగితే వాళ్లు ఎగరడానికి వీల్లేదు, వేరే సిబ్బంది రావాలి. ఎంత ప్రయారిటీ ఉన్నా ఆ గడియారం ఆగదు.

ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు

మీకు ఫోన్‌లో దొరికేది చాలాసార్లు బ్రోకరే. అందులో తప్పు లేదు గానీ, విమానం ఎవరిదో తెలుసుకోండి. షెడ్యూల్ లేని విమానాలు నడపడానికి డీజీసీఏ ఇచ్చే పర్మిట్ ఏ కంపెనీ పేరు మీద ఉంది, విమానం రిజిస్ట్రేషన్ ఎంత అని అడగండి. మన దేశంలో రిజిస్టర్ అయిన ప్రతి విమానం నంబరూ 'వీటీ'తో మొదలవుతుంది. అది చెప్పడానికి నసిగితే ఇంకొకరిని చూసుకోండి. అడ్వాన్స్ కంపెనీ అకౌంట్‌కే వేయండి. "ఏటీసీ క్లియరెన్స్‌కి ఎక్స్‌ట్రా అవుతుందండీ" అన్నారంటే అక్కడే అనుమానించండి. ప్రయారిటీ ఎవరూ అమ్మరు.

విమానం ఇప్పుడు ఎక్కడుంది? ఎన్ని గంటలకి బయల్దేరుతుంది? చిన్న టర్బోప్రాప్ (ప్రొపెల్లర్) విమానం హైదరాబాద్ నుంచి విశాఖకి రావడానికి గంటా గంటంబావు పడుతుంది. ఢిల్లీ నుంచి అయితే పూట పోతుంది. రానూ పోనూ ఖర్చు మీదే, కాబట్టి దగ్గర్లో ఉన్న విమానమే టైమ్‌కీ డబ్బుకీ మంచిది.

తర్వాత, ఏ ఎయిర్‌పోర్టు? ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ కాదు. ఇటు విశాఖా, భోగాపురమా? అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన భోగాపురం ఎయిర్‌పోర్టు విజయనగరం జిల్లాలో, జాతీయ రహదారి పక్కనే. అక్కడ దించగలిగితే శ్రీకాకుళం వాళ్లకి దాదాపు సగం రోడ్డు తగ్గుతుంది, సిటీ ట్రాఫిక్ తగలదు. ఆ రోజు ఆపరేటర్‌కి ఎక్కడ అనుమతి దొరికిందో అదే లెక్క, మీ ఊహ మీద బయల్దేరకండి. అటు హైదరాబాద్‌లో శంషాబాదా, బేగంపేటా? బేగంపేట నుంచి 2008 మార్చిలో మామూలు విమానాలు వెళ్లిపోయినా, ప్రత్యేక విమానాలు ఇప్పటికీ దిగుతుంటాయి. ఆస్పత్రి సికింద్రాబాద్ వైపయితే అది దగ్గర. అయితే ఆ టైమ్‌కి అక్కడ టవర్ పనిచేస్తుందా అన్నది ఆపరేటర్ చూసి చెప్పాలి.

ఆ గడిలో ఏం రాస్తారు

ప్రతి విమానం ఎగిరే ముందు పైలట్ ఏటీసీకి ఫ్లైట్ ప్లాన్ ఇస్తాడు. అందులో 18వ గడి ప్రత్యేక వివరాలకి. అక్కడ 'ఎస్‌టీఎస్' అని రాసి, గీత పెట్టి, పక్కన విమానం హోదా రాస్తారు. ప్రాణాపాయంలో ఉన్న పేషెంట్‌ని తరలిస్తుంటే 'మెడెవాక్', వైద్య అధికారులు వైద్య ప్రయాణంగా ప్రకటించినదైతే 'హాస్ప్'. ఇవి ప్రపంచమంతా ఒకేలా ఉండే మాటలు. 2012 నవంబర్ 15 నుంచి వచ్చిన కొత్త ఫ్లైట్ ప్లాన్ పద్ధతిలో భాగం.

ఇక్కడ మీ పని చాలా చిన్నది. ఆపరేటర్‌ని ఇలా అడగండి: "ఫ్లైట్ ప్లాన్‌లో మెడెవాక్ అని వేస్తున్నారు కదండీ?" వేస్తున్నామంటే సరే. పేషెంట్ పరిస్థితి దాచి "కొంచెం నీరసమంతే" అని చెప్పిన కుటుంబాలు కూడా ఉన్నాయి, డాక్టర్ లేకుండా చవగ్గా పంపిస్తారేమోనని. అప్పుడు ఆ హోదా ఎలా రాస్తారు?

ఆ మాట పడ్డాక జరిగేవి ఇవి. రద్దీ ఎయిర్‌పోర్టులకి వెళ్లే విమానాలను ఒక్కోసారి బయల్దేరే చోటే ఆపి, ఇన్ని గంటలకి లేవాలని టైమ్ ఇస్తారు. ఈ లెక్క ఢిల్లీలోని సెంట్రల్ కమాండ్ సెంటర్ చూస్తుంది. మెడెవాక్ విమానానికి ఆ ఆపుడు నుంచి మినహాయింపు ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్‌కి, రన్‌వే వైపు వెళ్లడానికి వరసలో ముందుకు తీసుకుంటారు. గాల్లో వీలైతే వంకర దారి తప్పించి నేరుగా వెళ్లమంటారు. దిగేటప్పుడు చక్కర్లు కొట్టించరు.

ఏం జరగదో కూడా తెలియాలి. ఇంజిన్ పాడై ప్రమాదంలో ఉన్న విమానం వస్తే అదే ముందు, మీది తర్వాత. పెద్ద జెట్ వెనకాల చిన్న విమానం దిగుతుంటే, జెట్ రెక్కలు లేపిన సుడిగాలి తగలకుండా కనీసం 5 నాటికల్ మైళ్లు, అంటే తొమ్మిది కిలోమీటర్లకు పైగా దూరం ఉంచాల్సిందే. కంట్రోలర్ జాలిపడి దాన్ని తగ్గించడు, తగ్గించకూడదు కూడా. వాతావరణం సంగతి మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖ ఎయిర్‌పోర్టునే పీకి పారేసింది. రన్‌వే కనిపించనప్పుడు ఏ ప్రయారిటీ విమానాన్ని దించలేదు.

విశాఖ ఎయిర్‌పోర్టుకి ఇంకో సంగతుంది. అది నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగ. రన్‌వే వాళ్లదే, టవర్ వాళ్లదే. వాళ్ల విమానాలు, హెలికాప్టర్లు ఎగిరే వేళలుంటాయి. షెడ్యూల్ లేని విమానం రావాలంటే ముందుగా అనుమతి, సిబ్బంది, ప్రయాణికుల వివరాలు కావాలి. ఏ విమానమైనా లేవడానికి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబర్ కూడా ఉండాలి. ఇదంతా ఆపరేటర్ చేస్తాడు. మీరు పేషెంట్, వెంట వెళ్లే మనిషి ఆధార్ కాపీలు ఇవ్వడం ఎంత ఆలస్యం చేస్తే ఇదంతా అంత ఆలస్యం. ఆధార్‌లో పేరు, డిశ్చార్జ్ కాగితంలో పేరు ఒకటే ఉన్నాయో లేదో చూడండి. ఆధార్‌లో ఇంటిపేరుతో పూర్తి పేరు ఉంటుంది, ఆస్పత్రి చీటీలో 'అప్పన్న' అని ఊరుకుంటారు. మా దగ్గర నెలకోసారైనా ఈ తలనొప్పి ఉంటుంది.

ఇక పెద్దవాళ్లతో చెప్పించడం గురించి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయినప్పటి నుంచి "మనోడే కదా, ఒక్క మాట సెప్పిస్తే ఎల్లిపోతాది" అనేవాళ్లు ఎక్కువయ్యారు. అక్కర్లేదండీ. గడిలో మాట పడ్డాక కంట్రోలర్‌కి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తెలిసిన పెద్దమనుషులుంటే అవతల ఐసీయూలో బెడ్ కోసం వాడుకోండి.

అసలు ఆలస్యం రోడ్డు మీద

శ్రీకాకుళం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి 110 కిలోమీటర్ల చిల్లర. రెండు, రెండున్నర గంటలు. ఇచ్ఛాపురం నుంచైతే ఇంకో రెండు గంటలు కలుపుకోండి. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, తగరపువలస దాకా హైవే బాగానే ఉంటుంది. ఆనందపురం దగ్గర నిర్ణయం తీసుకోవాలి. నేరుగా వెళ్తే మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ. తెల్లవారుజామున ఇదే మంచిది. ఉదయం తొమ్మిదికో సాయంత్రం ఆరుకో హనుమంతవాకలో ఇరుక్కుంటే సైరన్ మోగుతూనే ఉంటుంది, బండి కదలదు. ఆ టైమ్‌లో పెందుర్తి మీదుగా గోపాలపట్నం వైపు వెళ్లమని డ్రైవర్‌కి చెప్పండి. విజయనగరం నుంచి వచ్చేవాళ్లకీ ఆనందపురం దగ్గర ఇదే లెక్క.

గ్రీన్ కారిడార్, అంటే పోలీసులు ట్రాఫిక్ ఆపి అంబులెన్స్‌కి దారి ఖాళీ చేయించడం, కావాలంటే ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించండి. అంబులెన్స్ నంబర్, బయల్దేరే టైమ్, దారి, విమానం టైమ్ అందులో ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎస్పీలు, విశాఖ పోలీస్ కమిషనర్, మూడు ఆఫీసులకీ వెళ్లాలి. ఒక్కచోటే ఇస్తే కారిడార్ ఆ హద్దు దగ్గరే ఆగుతుంది. తొందరలో అది కుదరకపోతే 112కి చెప్పండి. అంబులెన్స్‌కి దారివ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194-ఈ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది. ఉన్నా, పండగ రోజుల్లో తగరపువలస జంక్షన్‌లో అది ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు సిలిండర్. ఇది మీ కళ్లతో మీరే చూడాలి. అంబులెన్స్‌లో ఉండే బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే 1,500 లీటర్లు. పేషెంట్‌కి నిమిషానికి 10 లీటర్లు వెళ్తుంటే 150 నిమిషాలు వస్తుంది. అంటే సరిగ్గా ఎయిర్‌పోర్టు గేటు దాకా. గేటు దగ్గర ఆగితే? విమానం అరగంట లేటయితే? అందుకే లెక్కకి వచ్చిన దానికి రెట్టింపు ఉండాలి. బయల్దేరే ముందు డ్రైవర్‌ని రెగ్యులేటర్ తెరవమని ముల్లు ఎక్కడుందో చూడండి. 150 దగ్గర ఉంటే నిండు, 75 అంటే సగమే. "ఫుల్ ఉంది సార్" అనే మాట మీద బయల్దేరిన బండిలో, పూసపాటిరేగ దాటాక ముల్లు ఎర్ర గీత మీద వణుకుతుంటే చూశాను. రోడ్డు పక్కన ఒక చిన్న నర్సింగ్ హోం వాళ్లు అడగ్గానే సిలిండర్ ఇచ్చారు, లేకపోతే ఆ రోజు విమానంతో పనే ఉండేది కాదు.

టైమ్ ఇలా కుదుర్చుకోండి: విమానం విశాఖలో దిగే టైమ్‌కి మీరు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఉండాలి. చాలా ముందు వెళ్తే పేషెంట్ ఐసీయూ వదిలి అంబులెన్స్‌లో పడుంటారు. ఆలస్యమైతే పైలట్ల డ్యూటీ టైమ్ కరుగుతుంది. విమానం అక్కడ గాల్లోకి లేచిందని ఆపరేటర్ ఫోన్ చేశాకే పేషెంట్‌ని స్ట్రెచర్ మీదికి మార్చడం ఒక పద్ధతి. కానీ శ్రీకాకుళం నుంచి రెండున్నర గంటల దారి, హైదరాబాద్ నుంచి విమానానికి గంటంబావు. కాబట్టి మనం విమానం కంటే గంట ముందే బయల్దేరాలి. పైలట్లు ఎయిర్‌పోర్టుకి చేరి, ఫ్లైట్ ప్లాన్ వేసి, అనుమతి నంబర్లు వచ్చాయని చెప్పిన నిమిషమే మన బండి కదలాలి.

గేటు దగ్గర, గాల్లో

అంబులెన్స్ నంబర్, డ్రైవర్ పేరు, లైసెన్స్ ముందే పంపి ఉంటే గేటు దగ్గర పని త్వరగా అవుతుంది. పేషెంట్‌కీ, సామానుకీ, సిలిండర్లకీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. విసుక్కోకండి, వాళ్లు వీలైనంత త్వరగానే వదులుతారు. చివరి నిమిషంలో డ్రైవర్‌నో బండినో మార్చారా, మొదటికొచ్చినట్టే. విమానం డాక్టర్ అక్కడే పేషెంట్‌ని మళ్లీ చూస్తాడు, గొట్టాలు, మందుల పంపులు తన పరికరాల మీదికి మార్చుకుంటాడు. ఇరవై నిమిషాల నుంచి ముప్పావుగంట పట్టొచ్చు. "ముందు లేపండి సార్, తర్వాత చూద్దురు" అని తొందరపెట్టొద్దు. లేచాక ఆ ఇరుకులో చేయి పెట్టడానికి చోటుండదు.

దారిలో పరిస్థితి దిగజారితే డాక్టర్ పైలట్‌కి చెప్తాడు. పైలట్ రేడియోలో "పాన్ పాన్" అని మూడుసార్లు అంటాడు. విమానానికి గానీ అందులోని మనిషికి గానీ అత్యవసర పరిస్థితి వచ్చిందని దానర్థం. కంట్రోలర్ దారి ఇంకా సులువు చేస్తాడు, కావాలంటే దగ్గర్లోని రాజమండ్రికో గన్నవరానికో మళ్లిస్తారు. అక్కడ దిగడం మంచిదా, హైదరాబాద్ దాకా లాగడం మంచిదా అన్నది డాక్టర్ నిర్ణయం. ఎక్కేముందే ఆయనతో ఈ మాట ఒకసారి అనుకోండి.

అవతల దిగే చోట అంబులెన్స్ ఎవరిది, డ్రైవర్ నంబర్ ఏంటి అన్నది విశాఖలో విమానం తలుపు మూసేలోపు మీ చేతిలో ఉండాలి. శ్రీకాకుళంలో ఉండిపోయిన వాళ్లలో ఒకరు ఆ నంబర్‌కి అరగంట ముందే ఫోన్ చేసి ఎక్కడున్నాడో కనుక్కోవాలి.

వెంట సాధారణంగా ఒక్కరికే చోటు. ఎవరు వెళ్తారో ఆస్పత్రిలోనే తేల్చుకోండి, ఎయిర్‌పోర్టు గేటు దగ్గర అన్నదమ్ములు వాదించుకోవడం చూడలేకపోయాను. వెళ్లే మనిషి సంతకం పెట్టగలిగిన వాడై ఉండాలి. చిన్న చేతిసంచీ చాలు: ఒరిజినల్ ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, స్కాన్ ఫిల్ములూ సీడీలూ, ఫోన్ చార్జర్, కొంత నగదు, ఒక స్వెట్టర్. ఇన్సూరెన్స్ ఉంటే ఎయిర్ అంబులెన్స్‌కి ఎంతవరకు ఇస్తారో, ముందే చెప్పాలని షరతు ఉందో కూడా బయల్దేరకముందే ఫోన్ చేసి అడగండి.

టెక్కలి కుర్రాడు ఇవన్నీ సర్దుకున్నాడు. పదిహేను నిమిషాలకోసారి నాకు ఫోన్ చేసి మరీ సర్దుకున్నాడు. హైదరాబాద్‌లో దిగాక ఫోన్ చేశాడు, "నాన్నని లోపలికి తీసుకెళ్లిపోయారన్నా" అని. ఆ తర్వాత కాసేపు ఆగి, ఇక్కడ చెప్పుల షాపు ఎక్కడుంటుందని అడిగాడు. ఐసీయూ బయట విప్పిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

మీరు స్ట్రెచర్ వెనకాల పరిగెత్తే ముందు మీవి వేసుకోండి.